గునుగు గింజంత గాలి

మొన్న జనగామలో కళ్ళద్దాలు మార్పించుకోవడానికి వెళ్ళాను. నలభై దాటితే అక్షరాలు దూరం జరుగుతాయని అందరూ చెబితే విన్నదాన్నే గానీ, పుట్టినరోజు చూసుకుని మరీ జరుగుతాయనుకోలేదు. దుకాణాయన రెండు అద్దాలు నా ముందు పెట్టి, "కోటింగ్‌ది ఇయ్యమంటరా, సాదాది ఇయ్యమంటరా మేడం?" అని అడిగాడు. కోటింగ్ ఉన్నదాన్ని ట్యూబ్‌లైటు కింద వంచి చూశాను. ఊదా, ఆకుపచ్చ కలగలిసిన మెరుపొకటి అద్దం మీద జారిపోయింది. "ఈ పూత ఎంత మందం ఉంటుందో తెలుసా?" అన్నాను. పాఠాలు చెప్పేవాళ్ళకుండే జబ్బు ఇది, జవాబు తెలిసిన ప్రశ్నలే అడుగుతాం. ఆయన తల గోక్కుని, "గది కంపెనోల్లు చెప్పలే మేడం, గట్టిగ తుడిస్తె మాత్రం పోతది" అన్నాడు. పల్చటి పొరల గురించి అంత సూటిగా మా యూనివర్సిటీలో కూడా ఎవరూ చెప్పలేదు. అద్దాలు తీసుకుని బయటికొచ్చాను గానీ, మనసు మాత్రం తెలంగాణ ఉద్యమం నాటి ఒక ప్రయోగశాలలోకి, అక్కడి ఒక అక్క దగ్గరికి పోయి కూర్చుంది.

నేను ఫిజిక్సులో పరిశోధన చేస్తున్న రోజులవి. మా ల్యాబులో అందరి పనీ ఒకటే. గాజుపలకల మీద పల్చటి పొరలు వెయ్యడం, వేసినదాన్ని కొలవడం. పొర అంటే పాల మీద మీగడ లాంటిది కాదు. తల వెంట్రుకను నిలువునా వంద చీలికలు చేస్తే అందులో ఒక చీలికంత. అది కరెంటును ఎంత పోనిస్తుంది, వెలుగును ఎంత మింగుతుంది, దానిలో అణువులు ఏ వరసలో కూర్చున్నాయి అని కొలిచి, రాసి, డాక్టరేటు తెచ్చుకోవాలి. ఎండను కరెంటుగా మార్చే పలకలకు ఇలాంటి పొరలే ప్రాణం. నా వంతుకు ఆక్సైడ్ పొరలు వచ్చాయి. జింకు ఉప్పు కరిగించిన నీళ్ళను కాలుతున్న గాజు మీద సన్నగా చిమ్మితే, నీరు చుయ్‌మని ఆవిరైపోయి జింక్ ఆక్సైడ్ పొర మిగులుతుంది. బచ్చన్నపేట పక్కనున్న మా ఊరి నుంచి మా అమ్మ ఒకసారి వచ్చి ఇదంతా చూసి, "పెంక మీద నీళ్ళు జల్లుడు నేర్వనీకె గిన్నేండ్లు సదివినవా బిడ్డా?" అంది. నేను చిన్నబుచ్చుకున్నాను. కానీ ఆమె వెళ్ళాక గాజును వెలుతురుకు పట్టి చూస్తే, అంతదాకా ఏమీ లేని చోట గులాబి, పసుపు, ఆకుపచ్చ చారలు కదులుతున్నాయి. ఆ పొరలో ఏ రంగూ కలపలేదు. పల్చదనమే రంగవుతుందని పుస్తకంలో చదవడం వేరు, పెంక మీద పుట్టగా చూడడం వేరు.

అక్క అంటున్నాను గానీ తోబుట్టువు కాదు. ల్యాబులో నాకంటే ఆరేళ్ళు ముందు చేరిన మనిషి. మేం మానుకోట అనుకునే మహబూబాబాద్ దాటాక, గంగారం అడవి అంచున ఒక లంబాడీ తండా ఆమెది. సన్నగా, చురుగ్గా, తలకు బిగుతుగా రుమాలు కట్టుకుని ఉండేది, వెంట్రుక రాలి గాజు మీద పడకూడదని. ఆమె దగ్గర తుమ్మాలంటే వరండాలోకి పోవాల్సిందే. తండాలో అప్పటికే ఆమెను డాక్టరమ్మ అనేవాళ్ళు. సెలవులకు పోతే జ్వరానికి గోలీలడిగేవాళ్ళట. తను గాజుముక్కల డాక్టరునని ఎంత చెప్పినా వినకపోతే, చివరికి దవాఖాన నుంచి నాలుగు రకాల గోలీలు తెచ్చి సంచిలో పెట్టుకోవడం నేర్చుకుంది.

ఆమె వేసేవి టెల్లురైడ్ పొరలు. కాడ్మియం టెల్లురైడ్ అనే నల్లటి పొడిని చిన్న లోహపు దొప్పలో పోసి, దాని పైన గాజుపలకలు అమర్చి, అంతటినీ బోర్లించిన బిందెలాంటి పెద్ద గాజు గంటతో మూసేది. దాని అంచు కింద నల్లటి రబ్బరు చుట్టు ఉంటుంది, గాలి చొరబడకుండా. ఇక పంపులు పెట్టి లోపలి గాలిని గుంజాలి. మామూలుగా గుంజితే చాలదు, కోట్ల వంతుల్లో ఒక వంతు మిగిలేదాకా గుంజాలి. ఆ శూన్యంలో దొప్పకు కరెంటు ఇస్తే అది ఎర్రగా కాగి, పొడి ఆవిరై, దారిలో తగిలే గాలి లేక తిన్నగా ఎగిరి గాజును అంటుకుంటుంది. ఆ పని రెండే నిమిషాలు. ఆ రెండు నిమిషాల కోసం నాలుగు గంటలు గాలి తోడాలి. పెళ్ళికి వంట చేసినట్టన్నమాట, తినేటప్పుడు ఎంతసేపు!

ఆ ఏడు బతుకమ్మ పండుగ సమ్మెలోనే వచ్చింది. ఆఫీసులు, బడులు, బస్సులు, భూపాలపల్లి బొగ్గు గనులు, అన్నీ బంద్. తెలంగాణ వచ్చేదాకా కదిలేది లేదని మా గేటు ముందు కూడా టెంటు వేశారు. బొగ్గు లేకపోతే కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది? వస్తే ఒక పూట వచ్చేది, ఏ పూటో దానికే తెలియదు. సరిగ్గా అప్పుడే అక్క గడువు ముగుస్తోంది. చివరి జత పొరలు వేసి, కొలిచి, ఆ నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి ఉండదు. ఏడేళ్ళ పని గాలికి పోతుంది. మా సారు మంచివాడే, కానీ ఏం చేస్తాడు? "సంతకాలు పెట్టేటోల్లు సమ్మెల ఉన్నరు గని, రూలు సమ్మె చెయ్యదమ్మా" అన్నాడు.

కరెంటు ఉన్న పూటల్లో కూడా పని జరగలేదు. గాజు గంటలో గాలి ఒక మేరకు దిగి, అక్కడే మొండికేసింది. ఎక్కడో కారుతోంది. పదిరోజులు వెతికాం. పాత గొట్టం మార్చాం, కవాటాలు బిగించాం, వైర్లు లోపలికి పోయే చోటల్లా అనుమానించాం. రబ్బరు చుట్టు జోలికి మాత్రం పోలేదు, అది సారు ఆ నెలలోనే తెప్పించిన కొత్తది గనక. కొత్త కోడలి మీద దొంగతనం వెయ్యలేం కదా! అక్క మాట్లాడడం తగ్గించింది. కళ్ళు లోపలికి పోయాయి. నేను ఆమెకు టీ పెట్టి ఇవ్వడం తప్ప ఏమీ చెయ్యలేకపోతున్నందుకు బాధపడేదాన్ని. నేను అప్పటికే చెయ్యవలసినదానికంటే ఎక్కువ చేశానని నాకు తెలియదు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఆమె అన్న భూపాలపల్లి నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు, గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు, ఎండుమిరపకాయల తొక్కు తీసుకుని. బొగ్గుబాయిలో పంపు నడిపే మనిషి. గనిలో నీళ్ళూరుతూనే ఉంటాయి కాబట్టి సమ్మెలోనూ వంతులవారీగా పంపులు నడిపేవాళ్ళట, లేకపోతే మళ్ళీ దిగడానికి గనే ఉండదు. వచ్చేసరికి కరెంటు ఉంది, పంపులు మోగుతున్నాయి, అక్క ముఖం వాడిపోయి ఉంది. అన్నాచెల్లెళ్ళు తమ భాషలో ఏదో మాట్లాడుకున్నారు. తర్వాత ఆయన నావైపు తిరిగి, "మేం బొగ్గు ఆపినందుకే గదా చెల్లె మీకు గింత పరేషాను?" అన్నాడు. అక్కే అందుకుంది. "ఆపిందే మంచిది. నా పొర కోసం మీరు ఒక్క తట్ట బొగ్గు తియ్యద్దు." అంతకు ముందూ ఆ తర్వాతా ఎన్నో ఉపన్యాసాలు విన్నాను గానీ, నన్ను అంతగా కదిలించినది ఒక్కటీ లేదు.

ఆయన మాట మారుస్తూ గాజు గంట మీద చెయ్యి పెట్టాడు. "గిండ్ల ఏముంటది?"

"ఏముండదన్నా. ఉన్న గాలంత గుంజి పారేస్తం" అన్నాను.

"మొత్తమా?" చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "గాలి లేని తావుల మేం నిలువం చెల్లె. మీరు పనిగట్టుకొని తయారు చేస్తున్రు." నవ్వాడు. కానీ నవ్వు సగంలో ఆపి, పంపు వైపు తల వంచాడు. కాసేపు అలాగే విన్నాడు. "ఇది ఇంక తాగుతనే ఉన్నది. కడుపు నిండినంక పంపు మోత గిట్లుండదు. గుడగుడ పోయి టకటక రావాలె. యాడనో గాలి తింటున్నది."

మా దగ్గర సూదులు కదిలే మీటర్లున్నాయి. విదేశాల నుంచి తెప్పించిన పుస్తకాలున్నాయి. ఈయన వచ్చి పావుగంట కాలేదు. ఇంత గ్రీజు అడిగి తీసుకుని, "నీళ్ళు గుంజే పైపు గాలి తింటే మేం గిట్లనే చూస్తం" అంటూ అతుకు అతుకుకూ వేలితో పూసుకుంటూ, ఒక్కోచోట ఆగి వింటూ పోయాడు. గొట్టం దగ్గర ఏమీ లేదు. కవాటం దగ్గర ఏమీ లేదు. చివరికి గాజు గంట అంచు చుట్టూ మొదలుపెట్టాడు. కిటికీ వైపు పూసినప్పుడు గుడగుడ తగ్గింది. ఇంకొంచెం గట్టిగా పూశాడు. టకటక. మీటరు సూది పదిరోజుల తర్వాత కదిలింది. నా ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

పంపులు ఆపి, గాలి వదిలి, గంట పైకెత్తాం. ఆయన కొత్త రబ్బరు చుట్టు మీద బొటనవేలి గోరు నడిపించి, ఒకచోట ఆగి, ఏదో పెకిలించి అరచేతిలో వేసుకున్నాడు. నల్లగా, నిగనిగలాడుతూ, ఆవగింజలో సగం కూడా లేదు. నల్ల రబ్బరులో నల్ల గింజ, పదిరోజులు కళ్ళముందే ఉండి కనిపించలేదు. "ఇదేంది, ల్యాబుల ఆవాలు యాడియి?" అన్నాడు. అక్క దగ్గరికొచ్చి చూసింది. పల్లెలో పుట్టినవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. "గునుగు గింజ" అంది.

పండుగ రోజుల్లో టెంటు ముందు బతుకమ్మ ఆడాలని నిర్ణయించినప్పుడు, మా చేని గట్ల మీది గునుగు పువ్వు సంచెడు తెచ్చింది నేనే. అక్క ఆ రోజు భూపాలపల్లిలో గని కార్మికుల టెంటు దగ్గరికి పోయింది. పూలు కట్టలు కట్టి, రంగులద్ది, బతుకమ్మ పేర్చడానికి మా ల్యాబు బల్లంత వీలైన చోటు ఇంకోటి కనిపించలేదు. గాజు గంట ఎత్తి ఉంది, పైన ఫ్యాను తిరుగుతోంది. ముదిరిన గునుగు పువ్వును విదిలిస్తే గింజలు రాలుతాయని మా ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. ల్యాబులో అడుగుపెట్టగానే నాకు మాత్రం ఆ తెలివి పోయింది. తెలంగాణ కోసం పేర్చిన బతుకమ్మే ఆమె డాక్టరేటుకు అడ్డం పడింది. "అక్కా, అది నా పువ్వుదే. నేనే ఈడ పేర్చిన" అన్నాను. ఏడుపు ఆగలేదు.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె చాలాసేపు ఆ గింజనే చూసింది. తర్వాత గ్రీజు డబ్బా నా చేతిలో పెట్టి, "రబ్బరు తుడిచి నువ్వే పుయ్యి. నువ్వే మూత పెట్టు" అంది. "నేనొద్దక్కా" అన్నాను. "నువ్వే" అంది. అంత భయంగా, అంత శ్రద్ధగా నా బతుకులో ఇంకే పనీ చెయ్యలేదు. నా పెళ్ళిలో తలంబ్రాలు కూడా అంత జాగ్రత్తగా పొయ్యలేదు.

కరెంటు అప్పటికి పోలేదు. పోతుందేమోనని ప్రతి నిమిషం చచ్చి బతికాం. అన్న వెళ్ళకుండా ఒక మూల స్టూలు మీద కూర్చుని పంపు వింటూ ఉండిపోయాడు. రొట్టెలు ఎవరూ ముట్టలేదు. మధ్యాహ్నం దాటాక సూది చేరవలసిన చోటికి చేరింది. అక్క దొప్పకు కరెంటు మెల్లగా పెంచింది. మసకగా ఎరుపు, తర్వాత నిండు ఎరుపు. పొగ లేదు, చప్పుడు లేదు. గాజు గంట లోపలి గోడ మీద ఎవరో ఊదినట్టు మసక కమ్మింది, ఆ మసక గోధుమరంగైంది, చూస్తుండగానే అద్దంలా మారి మా ముగ్గురి ముఖాలూ అందులో కనిపించాయి. ఏమీ లేని చోట, ఏ చెయ్యీ తగలకుండా, ఒక పదార్థం తనంతట తాను అణువు పక్కన అణువు పేర్చుకుంటోంది. నేను దేవుణ్ణి పెద్దగా తలుచుకునే మనిషిని కాదు. అప్పుడు మాత్రం రెండు చేతులూ వాటంతట అవే జోడించుకున్నాయి. అక్క స్విచ్ ఆపి, కవాటం మూసింది. మూసిన కొద్దిసేపటికి కరెంటు పోయింది.

పలకలు చల్లారాక అక్క ఒకదాన్ని పట్టుకారుతో అన్నకు చూపించింది. "గిన్ని పంపులు, గింత మోత, గీ మసి కోసమానే?" అని ఆటపట్టించాడు. ఆమె నవ్వుతూ కిటికీ దగ్గరికి తీసుకుపోయి, దాన్ని వాలుతున్న ఎండకు అడ్డం పెట్టి, ఆయనను చూడమంది. ముదురు ఎరుపులో, నిప్పుకణికలా, సూర్యుడు. ఆయన చాలాసేపు చూశాడు. "నల్లది మస్తు చూసిన బిడ్డా. నల్లదాంట్ల నుంచి పొద్దు కనవడంగ ఇయ్యాల్నే చూసిన" అన్నాడు. తర్వాత, "ఎన్నేండ్లుంటది గిది?" అని అడిగాడు. "గీకకుంటె మనకంటె ఎక్కువుంటది" అంది అక్క.

కొలతలు బాగా వచ్చాయి. గడువుకు రెండు రోజుల ముందు థీసిస్ ఇచ్చింది. తర్వాత రాష్ట్రమూ వచ్చింది, మా ఉద్యోగాలూ వచ్చాయి. అన్న రిటైరయ్యాడు. గ్రీజు పూస్తూ పంపు పాటను వేరుచేసి విన్న ఆ చెవులు, ఏళ్ళ తరబడి పంపుల మోతకే పోయాయి. ఇప్పుడు ఏది చెప్పాలన్నా అక్క దగ్గరగా వంగి అరిచి చెప్పాలి. పోయిన ఏడు ఆ ల్యాబుకు వెళ్ళినప్పుడు, తేమ తగలని గాజు పెట్టెలో ఒక పలక కనిపించింది, మీద అక్క చేతిరాతలో ఆ రోజు తేదీ. ఎవరు వేశారో అక్కడి పిల్లలకు తెలియదు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఎండకు పట్టి చూశాను. మేం ముగ్గురం పాతబడిపోయాం గానీ, ఆ గాజు మీద ఆ రెండు నిమిషాలు మాత్రం ఇంకా గడిచిపోలేదు.