ఆరో నెల ఏడుపు

మా అత్తమ్మ పోయినప్పుడు ఇంట్లోంచి ఏమేం పోయాయో ఒకనాడు కూర్చుని లెక్క కట్టాను. తెల్లవారకముందే వాకిట్లో వినిపించే చీపురు చప్పుడు ఒకటి. నేను గడప దిగుతుంటే వెనక నుంచి వచ్చే "తిన్నవా?" అనే మాట ఒకటి. పోట్లాడుకోవడానికి ఒక మనిషి. మామిడికాయల్ని నాలుగేసి చొప్పున పుంజీల్లో లెక్కబెట్టి, చివరికి నా మొహం చూసి "ఎన్నయినయే?" అని అడిగే గొంతు. కోడలు రోజూ ఎటు పోతోందని ఊళ్లో ఎవరైనా అడిగితే "లెక్కలకు పోయింది, నీకొస్తయా లెక్కలు?" అని ఎదురు తిరిగే నోరు. ఇంకో మూడు ఉన్నాయి, అవి రాయడానికి రావు. ఒక్క మనిషి పోతే ఎనిమిది పోయాయి.

నేను ఐదో తరగతితో బడి మానేశాను. లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. హుస్నాబాద్ దగ్గర మా ఊళ్లో మహిళా సంఘాల పుస్తకాలన్నీ నేనే రాస్తాను. అందుకే చావింట్లో కూడా లెక్క నా చేతికే వచ్చింది. కట్టెలు, బియ్యం, టెంటు, ఎవరొచ్చారు, ఎవరు తిన్నారు. ఆ మధ్యలో సుల్తానాబాద్ నుంచి మా వదినె వచ్చింది. నా భర్తకు అక్క, అత్తమ్మకు ఒక్కగానొక్క కూతురు. ఆటో దిగుతూనే శోకం ఎత్తుకుంది. మా వైపు ఆడవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు పడి, పోయినవాళ్ల మంచిని పాటలా చెప్పుకుంటూ ఏడుస్తారు. వదినె నా మెడ పట్టుకుని "అవ్వ మనల్ని ఇడిసిపాయెనే" అని ఊగిపోయింది. నాకు ఒక్క చుక్క రాలేదు. లోపల అంతా ఎండిపోయినట్టుంది. కాసేపటికి ఆమె తల ఎత్తి నా కళ్లు చూసింది. చేతులు వదిలేసింది.

తర్వాత కర్మకాండలు, మరణ ధ్రువపత్రం, పింఛను ఆపించడం, మాట్లాడటం మానేసిన నా భర్తకు వేళకు అన్నం పెట్టడం. రోజులు నడిచాయి.

చలి మొదలైన రోజుల్లో అంగడిలో జామకాయలు ఏరుతుంటే బండి అతను నవ్వాడు.

"అందరు గట్టియి ఏరుకుంటరు. నువ్వేందక్కా, మెత్తయి ఏరుతున్నవ్?"

అత్తమ్మకు పళ్లు లేవు. మెత్తటివి ఏరడం నా చేతికి అలవాటు. ఇప్పుడు ఇంట్లో అవి తినేవాళ్లు ఎవరూ లేరు. ఆ బండి అంచు పట్టుకుని ఏడ్చాను. అతను భయపడిపోయి "తీస్కపో అక్కా, పైసలియ్యకు" అన్నాడు.

ఆ తర్వాత ఏడుపు ఆగలేదు. వాడకట్టు ఆడవాళ్లకు పాత సామెత దొరికింది. నల్లా దగ్గర మా ఎదురింటామె బిందె ఎత్తుకుంటూ అందరికీ వినబడేలా అంది. "అత్త సచ్చిన ఆర్నెల్లకు కోడలి కంట నీళ్లొచ్చెనట. పెద్దోళ్లు ఉత్తగనే అన్నరా!"

అందరూ నవ్వారు. ఇంటికొచ్చి వేళ్లు మడిచి చూసుకున్నాను. నిజంగానే ఆరో నెల.

ఆ నవ్వు సుల్తానాబాద్ దాకా పోయింది. వదినె ఫోన్ చేసింది. "అంగట్ల ఏడ్సినవంట గదా. మంది సూస్తేనే వస్తయా నీకు?" అని పెట్టేసింది.

అప్పటినుంచి కూడికలు కూడా కుదరలేదు. ఒకే పేజీని మూడుసార్లు కూడితే మూడు మొత్తాలు వచ్చేవి. మండల ఆఫీసులో మా సంఘాల పుస్తకాలు చూసే అమ్మాయి అది చూసి ఒక నంబరు ఇచ్చింది. ఆదిలాబాద్‌లో ఉండే క్లినికల్ సోషల్ వర్కర్ వీడియో కాల్‌లో మాట్లాడుతుందట.

"సోషల్ వర్కరంటే పింఛన్లు రాసేటోళ్లు గదనే?"

"మనసు సంగతి చూసేటోళ్లు గూడ ఉంటరక్కా. ఫోన్లనే. ఎవ్వలకు తెల్వది."

సంఘం గది తాళం నా దగ్గరే ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం తలుపు వేసుకుని, ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి కూర్చున్నాను. తెర మీద ముప్పై ఏళ్లు కూడా లేని పిల్ల. నేను చావు సంగతంతా చెప్పాను. ఆమె కదలలేదు, పెదవి విప్పలేదు.

"మేడం, కట్టయిందా?"

"కట్ కాలే అక్కా. వింటున్న."

నేను అంతసేపు మాట్లాడితే మధ్యలో దూరకుండా విన్నవాళ్లు అంతకుముందు లేరు. నెట్‌వర్క్ పోయిందనుకున్నాను.

సున్నా నుంచి పది దాకా బాధ ఎంతుందని అడిగింది. నాలుగు అన్నాను. మరో ఆదివారమూ నాలుగే అన్నాను. మూడోసారి ఆమె ఆగింది.

"కళ్లు చూస్తే నాలుగు లెక్క లేదక్కా. నాలుగెట్ల వచ్చింది?"

"పది మా వదినెది మేడం. కన్నబిడ్డ ఆమె. కోడల్ని, నేను నాలుగు కంటె ఎక్కువ ఎట్ల జెప్పుకోవాలె?"

"ఇది పంపకం కాదక్కా. ఆమె పది ఆమెకుంటది. మీది మీరు చెప్పుండ్రి."

ఏడు అన్నాను. వెంటనే మార్చి ఎనిమిది అన్నాను. "బేరం చేస్తున్నరా?" అని నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది, ఆ నవ్వులోంచే ఏడుపు వచ్చింది. మిగిలిన టైమంతా ఏడ్చాను. సామెత సంగతి కూడా ఆ రోజే చెప్పాను.

"ఆ ఆర్నెల్లు మీరేం జేసిండ్రక్కా?"

అన్నీ చెప్పాను.

"ఏడ్వనీకి మీకు జాగ యాడ దొరికింది? మీ ఎదురింటామె నెలలు సరిగ్గనే లెక్కబెట్టింది. ఎందుకన్ని నెలలైందో అడగలే, అంతే."

మళ్లీ అడిగితే పది అని చెప్పగలిగాను.

సంవత్సరీకం నాటికి నాకు ఒక్కటే ఆశ. వదినెతో కలిసి ఏడవాలి, నా నీళ్లు నాటకం కాదని ఆమెకు తెలియాలి. ఆమె వచ్చింది. అత్తమ్మ ఫోటో ముందు ఆడవాళ్లంతా ఏడ్చారు. నేను దాచుకోకుండా ఏడ్చాను. ఎదురింటామె కూడా నా మెడ పట్టుకుంది. చివరికి వదినె ముందుకు వెళ్లి చేతులు చాపాను.

ఆమె నా కళ్లల్లోకి చాలాసేపు చూసింది. ఆమె మొహంలో కోపం లేదు.

"నిజంగనే ఏడుస్తున్నవే," అంది మెల్లగా. "అప్పుడు నీకు రాలే. ఇప్పుడు నాకు వస్తలేవు. ఉన్నయన్ని ఆనాడే ఒక్కదాన్నే ఏడ్సిన."

నా చేతులు పక్కకు తీసి, వెళ్లి భోజనాల బంతిలో కూర్చుంది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ఇదంతా చెప్పి "నేనేం జెయ్యాలె?" అని అడిగాను.

"తెలుస్తలేదక్కా," అంది ఆ పిల్ల. "ఆమెకు ఎప్పుడన్న రావొచ్చు. రాకపోవచ్చు గూడ. మీకు అబద్ధం చెప్పలేను."

ఇప్పుడు సంఘం లెక్కలు ఒకసారి కూడితేనే సరిపోతున్నాయి. పండగలకు వదినె వస్తుంది, చారులో ఉప్పు తక్కువైందంటుంది, వెళ్లిపోతుంది. అత్తమ్మ కోసం మేమిద్దరం కలిసి ఏడవాల్సిన ఏడుపు మాత్రం ఈ రోజుకీ బాకీ ఉంది. ఒకటి.