బాయిలర్ తలుపుకు పండుగ బోల్టులు

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు ఉతికే యూనిట్లో బాయిలర్ నా చేతిలో ఉంటుంది. వేరుశనగ పొట్టు వేసి మంట పెట్టడం, పొయ్యి తలుపు ముందు స్టూలేసుకుని కూర్చోవడం నా పని. ఆ తలుపు ఊడిందంటే మంట నా మొహం మీదికే. దాన్ని పట్టి ఉంచేవి గట్టి ఉక్కు బోల్టులు. వాటికి అల్యూమినియం పూత ఉండేది, చూడ్డానికి బూడిద పూసుకున్నట్టు.

ఆయుధపూజ వస్తే మా దగ్గర యంత్రాలకు పెళ్ళి హడావుడే. పోయినసారి మా యజమాని ఇంకాస్త ముచ్చటపడి, పూజకు వారం ముందే ఆ బూడిదరంగు బోల్టులు తీయించి తళతళలాడే జింకు పూతవి పెట్టించాడు. వారమంతా వాటితోనే పొయ్యి మండింది.

మా చెల్లెలు బెంగళూరులో లోహాలకు పూతలు వేసే కంపెనీలో ఇంజనీరు. పండుగకొచ్చిందని పూజకు వెంట తీసుకుపోయాను. బాయిలర్ చల్లారి ఉంది. అందరూ దండం పెట్టుకుంటుంటే ఈమె మాత్రం తలుపు దగ్గర వంగి చూస్తోంది.

"ఈ బోల్టులు ఎవురు మార్చినారు?" అంది.

"నేనే మార్పించినా. ఎట్లుండాయి?" అన్నాడు యజమాని మురిసిపోతూ.

"పొయ్యి రాజెయ్యద్దండి సార్. జింకు తుప్పుకు మంచిదే. ఇంత వేడికి మాత్రం ఉక్కులోకి పాకి లోపల్లోపలే చీలుస్తాది. పైకి మెరుస్తానే ఉంటాది."

"ఏమప్పా, పండగ పూట మీ చెల్లెలు ఇట్ల మాట్లాడతాంది? ఆడ ప్యాంట్ల లోడు కాసుకోనుండాది."

నాకూ చిరాకేసింది, నలుగురిలో ఈ పాఠమేంటని. ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. స్పానర్ తీసుకుని ఒక బోల్టుకు తగిలించి మెల్లగా తిప్పింది. తల పుటుక్కున విరిగి, కుంకుమ పెట్టిన గుమ్మడికాయ పక్కన పడింది.

"ఈ తలుపు ముందర కూచునేది మా యన్న," అంది, గొంతు పెంచకుండా.

యజమాని ప్యాంట్ల లోడు ఆపించాడు. వేడికి తట్టుకునే పూత వేసిన కొత్త బోల్టులు ఆమె పంపించేదాకా పొయ్యి వెలగలేదు. ఆమె ఆ మాట అన్న క్షణాన నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

ఇంటికొచ్చాక అమ్మ పూర్ణం పెట్టిన ఓళిగలు వడ్డించింది. అందరి ముందూ అంత నిబ్బరంగా నిలబడిన మనిషి, ఓళిగ తుంచలేకపోతోంది. "వారమంతా ఆ తలుపు ముందరే కూచున్నావు గదన్నా," అంది. నేనే తుంచి పెట్టాను.