టీచర్ గారిని ఆపిన గుమ్మం

మా పక్కింటి టీచర్ గారు మంగళవారం పొద్దున పోయారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "అమ్మ మీ గురించి చాలా చెప్పేది" అంది. ఏం చెప్పేవారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అమెరికా వచ్చి, ఆల్ఫారెట్టాలో మేం ఇల్లు కొన్న కొత్తలో పరిచయం. ఆవిడ నల్లజాతి మనిషి, ఏళ్ళ తరబడి హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. శనివారాలు మా ఇంటికొచ్చి, ఎప్పుడూ అదే కుర్చీలో కూర్చుని పాప హోంవర్క్ చూసేవారు. పుస్తకంలో ఆఫ్రికా నుంచి కూలీలు "వచ్చారు" అని ఉంటే ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసి "ఎత్తుకొచ్చారు" అని రాసేవారు. "మర్యాదగా రాస్తే అబద్ధం కూడా చరిత్రయిపోతుంది" అనేవారు. నా ఉప్మాలో ఉప్పు తక్కువైతే అదీ మొహం మీదే చెప్పేవారు.

ఆవిడకు ఒకటే కోరిక, ఘనా వెళ్ళాలి. అక్కడ సముద్రం ఒడ్డున తెల్లవాళ్ళు కట్టిన కోట ఉంది. బానిసలుగా పట్టుకొచ్చిన మనుషుల్ని నేలమాళిగల్లో కుక్కి, ఒక ఇరుకు గుమ్మంలోంచి ఓడలెక్కించేవారట. చాలామంది ఆ చీకట్లోనే చచ్చిపోయేవారు. దాన్ని తిరిగిరాని గుమ్మం అంటారు. "మావాళ్ళని ఎక్కడ ఓడెక్కించారో ఏ కాగితంలోనూ లేదు. ఆ గుమ్మం దాటి మళ్ళీ లోపలికి నడవాలి, అంతే" అనేవారు. డెబ్బై దాటాక, మోకాళ్ళ నొప్పులతో, ఒక్కరే వెళ్ళారు.

తిరిగొచ్చిన సాయంత్రం ఎయిర్‌పోర్ట్ నుంచి సరాసరి మా ఇంటికే వచ్చారు. పక్కన సూట్‌కేస్, చేతిలో కెమెరా. "చూడు, సముద్రం దాకా వెళ్ళి మళ్ళీ లోపలికొచ్చాను!" అన్నారు. ఆవిడ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరుంది. నా వెనక నిలబడి, "అంతమంది చచ్చిన చోటునుంచి వస్తోందిగా, స్నానమన్నా చెయ్యకుండా ఇంట్లోకేంటే? దేవుడి దగ్గర దీపం వెలుగుతోంది. రేపు రమ్మను" అని గొణిగింది.

అమ్మకు తెలిసిందది. నాకేమొచ్చింది? "పాప పడుకుంది టీచర్, రేపు చూద్దామా?" అన్నాను. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి పాప, "మామ్, టీచర్ వచ్చిందా?" అని అరిచింది.

ఆవిడ నన్ను చూశారు, మా అమ్మను చూశారు. "ఓకే, బేబీ" అని కెమెరా సంచిలో పెట్టేసుకున్నారు.

పాపకు పాఠాలు చెప్పడం మానలేదు, కానీ వాళ్ళ వరండాలోనే. నాలుగేళ్ళలో మా గడప మళ్ళీ తొక్కలేదు. మైల అంటే ఏమిటో ఇంగ్లిష్‌లో చెప్పడం రాదని నాకు నేనే సాకు చెప్పుకుంటూ వచ్చాను. ఆవిడకు ఆ మాట తెలియకపోవచ్చు. గుమ్మంలో ఆపేయడమంటే ఏమిటో నాకన్నా బాగా తెలుసు. ఆవిడకు చెప్పాల్సిన సారీ ఇప్పుడు మీకు చెబుతున్నాను, ఏం లాభం!

నిన్న ఫ్యునరల్‌లో, ఆ సాయంత్రం నాకు చూపించాలని తెచ్చిన ఫోటో పెద్దది చేసి పెట్టారు. వెనక సముద్రం, గుమ్మంలోంచి లోపలికి అడుగేస్తూ ఆవిడ నవ్వు. నేనా ఫోటో చూడడం అదే మొదటిసారి.

ఇంటికి రాగానే పాప తిన్నగా లోపలికెళ్ళి, ఆ నల్లబట్టలతోనే టీచర్ గారి కుర్చీలో కూర్చుంది. అమ్మ ఇండియాలో ఉంది, నాకు చెప్పేవాళ్ళెవరూ లేరు. అయినా నేను గరాజ్‌లోంచి వెళ్ళి, దేన్నీ ముట్టుకోకుండా, తలమీద నీళ్ళు పోసుకున్నాను.