యాదమ్మ హాజరు పాట

ఉదయం ఏడున్నరకు గండిపేటలోని మా అపార్ట్‌మెంటు ముందునుంచి ఒక పసుపు బస్సు వెళ్తుంది. ఏసీ బస్సు, అద్దాలన్నీ మూసి ఉంటాయి. లోపల ముప్పైమంది పిల్లలున్నా బయటికి ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఎంత బుద్ధిమంతులో అని మా పక్కింటాయన రోజూ మెచ్చుకుంటాడు. నేను టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ ఉంటాను. ఆ బస్సు మలుపు తిరిగేదాకా నాకు కూర్చోవడం చేతకాదు.

ఈ జబ్బు యాదమ్మ పెట్టిపోయింది. కొన్నేళ్ల క్రితం నేను మొయినాబాద్ దగ్గర ఒక ప్రైవేటు బడిలో ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిని. వినడానికి మంత్రిపదవిలా ఉంటుంది గాని, బస్సు ఎక్కడిదాకా వచ్చిందని అడిగే తల్లులకు "అయిదు నిమిషాల్లో" అని జవాబు చెప్పడమే పని. నా ఎం.కాం. దానికి సరిగ్గా సరిపోయింది. మోకిల వైపు తిరిగే బస్సులో యాదమ్మ ఆయా. చేవెళ్ల దగ్గర పల్లెటూరు ఆమెది. నలభై ఏళ్లు కూలికి పోయి, నడుము వంగనని మొరాయించాక ఈ పనికి వచ్చింది. పిల్లలందరికీ ఆమె అవ్వ. నాకు మాత్రం యాదమ్మే. హోదా అంటూ ఒకటి ఉంటుంది కదా.

ఆ బస్సు దూరంగా ఉండగానే పాట వినిపించేది. "ఎవ్వరొచ్చిండ్రో మా బండిలకు ఎవ్వరొచ్చిండ్రో" అని అవ్వ ఎత్తుకునేది. ఎక్కిన వరుసలో ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లగాడు తన పేరు కలిపేవాళ్లు. "అన్వితొచ్చింది" అంటే మిగతావాళ్లు "వచ్చెనో వచ్చె" అని అరిచేవాళ్లు. అలా ఇరవైమూడు వంతులు. పద్దెనిమిదో చోట మాత్రం పేరుండదు. అక్కడ నర్సరీ ఇషాన్ టిఫిన్ డబ్బామీద రెండుసార్లు కొట్టేవాడు. కోస్తానుంచి వచ్చి మోకిలలో ఇల్లు కొనుక్కున్న ఐటీ దంపతుల కొడుకు. ఇంటి బయట నోరు విప్పడు. టక్, టక్. "వచ్చెనో వచ్చె." పాట ముందుకు పోయేది.

ఒకరోజు ఆ దారిలోని ఒక విల్లా యజమాని ఫోన్ చేశాడు. పొద్దున్నే తన మీటింగులోకి మా పిల్లల పేర్లన్నీ దూరుతున్నాయట. నేను వెంటనే సర్క్యులర్ రాశాను, బస్సులో పాటలు నిషేధం అని. భాష చాలా బాగా కుదిరింది. యాదమ్మకు చదివి వినిపించి, చేతిలో హాజరు పట్టీ పెట్టాను.

"పాటతోనే లెక్క దొరుకుతది సారూ," అంది ఆమె. "జొన్నచేన్ల కలుపు తీసేటప్పుడు మనిషికి మనిషి కనవడదు. పాట ఇనవడ్తది. ఒక్క గొంతు తప్పిందంటే అందరం కొడవండ్లు ఆడనే పడేసి ఉరుకుతుంటిమి. పురుగు ముట్టిందో, కండ్లు తిరిగినయో."

పాము అనే మాట ఆమె నోటితో పలికేది కాదు.

"బస్సుల జొన్న పెరగలే కద యాదమ్మా," అన్నాను. నా హాస్యానికి నేనే నవ్వుకున్నాను.

"సీట్లు పోరగాండ్ల కంటె ఎత్తున్నయి కద సారూ."

 పదవి ఉంది కాబట్టి జవాబు అవసరం పడలేదు.

మార్చి ఒంటిపూట బళ్లు మొదలైన వారంలో, నిషేధం ఎలా అమలవుతోందో చూద్దామని నేనే ఆ బస్సెక్కాను. ఎక్కుతుంటే ఇరవైమూడు టిక్కులు పెట్టాను. బస్సంతా నిశ్శబ్దం. గర్వంగానే అనిపించింది. బడి దగ్గర దిగేటప్పుడు ప్రిన్సిపాల్ ఫోన్ వచ్చింది. "నువ్వు పిల్లలను తోలుకపో, ఎనకాల నేను చూసుకుంట," అని యాదమ్మను పంపేశాను. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని సమాధానం చెప్తూ, రెండో చేత్తో దిగినవాళ్లకూ ఇరవైమూడు టిక్కులు పెట్టాను. డ్రైవర్ బస్సును వెనక రేకుల షెడ్డు పక్కన ఎండలో పెట్టి, తాళం వేసి వెళ్లిపోయాడు.

కాసేపటికి ప్రార్థన అయ్యాక అన్విత లైను వదిలి వచ్చి నా చొక్కా లాగింది.

"సార్, టక్ టక్ రాలే."

"పాట బంద్ అని చెప్పిన కద."

"బయటికి పాడ్తలేం సార్. నోట్లనే పాడుకుంటున్నం. రోజు ప్రార్థన లైన్ల నిలవడి పాడుతం, అయిపోతది. ఇయ్యాల టక్ టక్ కాడ ఆగింది."

పట్టీ తెరిచి ఆరేళ్ల పిల్లకు చూపించాను. "చూడు, ఇరవైమూడు." ఆమె పట్టీ వంక చూడనేలేదు. షెడ్డు వైపు చూస్తోంది. ఆ మాట చెవిన పడ్డ యాదమ్మ అప్పటికే పరిగెత్తుతోంది, ఆ నడుముతోనే. తాళంచెవి కోసం నేను డ్రైవర్‌ను పట్టుకుని వచ్చేసరికి బస్సు లోపలినుంచి చప్పుడు వినిపిస్తోంది. టక్, టక్. కాసేపు ఆగి మళ్లీ టక్, టక్. వెనక సీటు కింద నిద్రపోయి లేచిన పిల్లవాడు చెమటలో తడిసి, తన వంతు ఎవరైనా అందుకుంటారని కొడుతూనే ఉన్నాడు. తలుపు తెరుచుకోకముందే అవ్వ బయటినుంచి "వచ్చెనో వచ్చె" అంది. రాగం తప్పలేదు.

డాక్టరు చూసి ప్రమాదం లేదన్నాడు. సాయంత్రం మోకిల వెళ్లి, తప్పు నాదేనని ఇషాన్ వాళ్లమ్మకు చెప్పాను. "మీరు లెక్కపెట్టలేదాండీ?" అంది. లెక్కపెట్టానని చెప్పడానికి సిగ్గేసింది.

ఇషాన్ బస్సెక్కడం మానేశాడు. మూడోరోజు నేనూ బస్సులో వెళ్లాను. వాడు ఇంటి గేటు దగ్గర తల్లి కాళ్లను చుట్టుకుని ఉంటే, యాదమ్మ నన్ను ముందుకు తోసింది. "నువ్వు పాడు. వాడు బెదిరింది నీతోని."

"నాకు రాదవ్వా."

"వానికి మాటే రాదు. వాడు కలుపలేదా?"

బస్సు మెట్టుమీద కూర్చుని పాడాను. దాన్ని పాట అనడం అవ్వ పెద్దమనసు. పిల్లలు పడీపడీ నవ్వారు. విల్లా కిటికీ ఒకటి దబ్బున మూసుకుంది. పద్దెనిమిదో చోటు వచ్చేసరికి ఆగాను.  ఇషాన్ తల్లి కాళ్లు వదిలి వచ్చి, డబ్బా బదులు నా మోకాలిమీద కొట్టాడు, రెండుసార్లు.  నా కళ్లద్దాలు మసకబారాయి. సర్క్యులర్ నేనే చింపేశాను. దాని గురించి ఎవరూ అడగలేదు, అంత గొప్పగా రాసినా.

అవ్వ పోయి రెండేళ్లయింది. నేను ఉద్యోగం మారాను, పిల్లల జోలి లేని ఆఫీసు. అయినా నలుగురు కూడిన చోట స్థిమితంగా ఉండలేను. పెళ్లి భోజనాల్లో, మీటింగుల్లో, అందరూ మాట్లాడుతుంటే ఎవరి గొంతు రాలేదో అని చెవి వెతుకుతూ ఉంటుంది. లేచి వెళ్లి వాళ్ల పక్కన నిలబడతాను. "ఏమైంది అన్నా?" అని వాళ్లే నన్ను అడుగుతారు. చాలాసార్లు నిజంగానే ఏమీ ఉండదు. నవ్వుకుంటూ నా కుర్చీకి తిరిగొస్తాను. ఎప్పుడో ఒకసారి మాత్రం, ఆ ప్రశ్న అడగకుండా కొంచెం జరిగి చోటిస్తారు.