అరవై ఒక్క కీలు

హనోకు చెడ్డవాడేం కాదు. ఆ ఆదివారం తర్వాత మా చర్చి సంఘంలో కొందరు అతని గురించి మాట్లాడిన తీరు నాకు నచ్చలేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఆ మాట్లాడినవాళ్లలో సగం మంది ప్రసంగం జరుగుతుంటే ఫోన్లు చూసుకునే రకం.

ఇరవై ఆరేళ్ల మనిషి. గిలకలదిండిలో ఒక రొయ్యల కంపెనీలో కంప్యూటర్ ఆపరేటరు. ఏ పడవకి ఎంత సరుకొచ్చిందో రోజంతా అంకెలు కొట్టడమే పని. ఇంటికొచ్చాక అదే వేళ్లతో ఆట ఆడతాడు. ఐదుగురు ఒక జట్టు, ఎదురుగా ఇంకో ఐదుగురు, తుపాకులు, పరుగులు, అంతా తెరమీదే. వాళ్ల జట్టు విజయవాడలో జరిగే పోటీకి ఎంపికైంది. జట్టులోనే ఉన్న గుడివాడ బాబీ ఊరంతా చెప్పుకుని తిరిగాడు గానీ, హనోకు బందరులో ఒక్కరికి కూడా చెప్పలేదు. తల్లి రాహేలు మిషను కుట్టి అతన్ని చదివించింది. కళ్లు మసకబారి ఆమె కుట్టడం మానేశాక, ఆ మిషను బల్ల మీదే అతని కంప్యూటర్ పెట్టుకున్నాడు. పెళ్లీడుకొచ్చిన కొడుకు అక్కడ కూర్చుని తుపాకులాట ఆడుతున్నాడంటే వినడానికే బాగుండదని అతనికే అనిపించేది.

చిక్కు కూడా ఆ బల్లతోనే వచ్చింది. బల్ల ఇరుకు. పాత కీబోర్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పరుచుకుని ఉండేది. గురి కుదరాలని హనోకు మౌసు మెల్లగా తిరిగేలా పెట్టుకున్నాడు, అలా పెట్టుకుంటే చెయ్యి బారుగా జరపాలి. సరిగ్గా శత్రువు కనపడేవేళకి మౌసు వెళ్లి కీబోర్డు అంచుకి కొట్టుకునేది. పైగా అది రబ్బరు పొర మీద కీలు నిలబడే చవక రకం. నాలుగు కీలు ఒక్కసారి నొక్కితే ఒకటి మింగేసేది. పోయిన పోటీలో వంగమంటే వంగక బొమ్మ నిలబడి చచ్చింది, మాటలు మాత్రం హనోకు పడ్డాడు.

అందుకని కొత్తది వెతకడం మొదలుపెట్టాడు. పెళ్లిసంబంధాలు కూడా మనవాళ్లు అంత శ్రద్ధగా చూడరు. ప్రతి కీ కింద విడిగా ఒక స్ప్రింగు స్విచ్చి ఉంటేనే అది మెకానికల్. పెట్టె మీద 'మెకానికల్ ఫీల్' అని రాసుంటే లోపల మళ్లీ రబ్బరేనని తెలుసుకున్నాడు. గుడివాడ వెళ్లి, బాబీకున్న కీబోర్డు మీద ఆడి చూశాడు. అది నీలం స్విచ్చిలది, నొక్కినప్పుడల్లా పెనంలో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. ఇంట్లో అమ్మ పడుకుంటుంది, అది కుదరదు. ఎర్ర స్విచ్చిలైతే చప్పుడు తక్కువ, అడ్డు తగలకుండా దిగిపోతాయి. వైరు లేనిది ఖరీదెక్కువ, ఆటకి వైరున్నదే నయం, కాకపోతే బస్సులో పట్టుకెళ్లడానికి వైరు ఊడి రావాలి. బందరు ఉప్పుగాలికి ఒక స్విచ్చి పాడైతే దాన్నొక్కదాన్నే పీకి మార్చుకునే వీలుండాలి. రంగుల లైట్లు దేనికీ పనికిరావు. అంకెల కీలు ఆఫీసులో ఎలాగూ ఉన్నాయి, ఇంట్లో అక్కర్లేదు. బాణం గుర్తుల కీలు ఉండాలా వద్దా అన్నదాని దగ్గర మాత్రం చాలా తన్నుకులాడి, చివరికి వద్దనుకున్నాడు. అవన్నీ తీసేయగా అరవై ఒక్క కీలు మిగిలాయి. అతని జీతానికి అందేదీ అదే.

"ఏంట్రా, ఫోన్లో తల దూర్చేశావు?" అని రాహేలు అడిగింది.

"కీబోర్డు కొందామనమ్మా. విజయవాడలో పోటీ ఉంది."

"మంచిది తీసుకో నాయనా."

"చిన్నది చాలమ్మా. అరవై ఒక్క కీలది."

మా వాళ్లకి కీబోర్డు అంటే ఒక్కటే, పాటలకి వాయించేది. హనోకు బల్లమీద ఉన్నదంతా కలిపి రాహేలుకి కంప్యూటరే. పోటీ అంటే యువజన సదస్సుల్లో జరిగే పాటల పోటీ. మా మందిరంలో ఉన్న కీబోర్డు కూడా అరవై ఒక్క కీలదే. చాలా చర్చిల్లో అంతే ఉంటాయి. ఇక ఆమెకి అనుమానం ఎక్కణ్ణించి వస్తుంది? శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థనలో లేచి నిలబడి, మా అబ్బాయి కీబోర్డు కొంటున్నాడు, ప్రార్థన చెయ్యండని కోరింది. ఆదివారానికి సంఘమంతా తెలిసిపోయింది.

దయానందం మాస్టారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మాకు ఊహ తెలిసినప్పటి నుంచి మందిరంలో వాయించేది ఆయనే. ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర హనోకుని పట్టుకున్నారు.

"కీబోర్డు కొంటున్నావంటగా. ఎన్ని కీలదోయ్?"

"అరవై ఒకటండి."

"చాలు. టచ్ ఎలా ఉండాలి?"

అంత పెద్దాయన టచ్ గురించి అడిగేసరికి హనోకుకి ప్రాణం లేచొచ్చింది. "మెత్తగా దిగిపోవాలండి. వేలు అలా ఆనగానే పలకాలి. చప్పుడు మాత్రం రాకూడదు, అమ్మ పడుకుంటుంది."

మాస్టారు నవ్వారు. "హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సాధన చేసుకో. నా తర్వాత ఎవరా అని ఎన్నాళ్ల నుంచో చూస్తున్నానయ్యా. ఈ వేళ్లు నా మాట వినడం లేదు." వణుకుతున్న చెయ్యి చూపించి, అదే చెయ్యి అతని భుజం మీద వేశారు. "ఈ క్రిస్మస్ పాటలకి నువ్వే కూర్చోవాలి."

అప్పుడు అర్థమైంది హనోకుకి. 'కాదండీ, ఆటకండీ' అంటే సరిపోయేది. అందరం పగలబడి నవ్వేవాళ్లం, ఆ నవ్వుతో అయిపోయేది. కానీ అప్పటిదాకా అంతమంది ముందు అతని భుజం మీద అలా ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఆ చేతి కింద నిలబడి తుపాకులాట అనడానికి సిగ్గేసింది.

తర్వాతి వారం రాహేలు అన్నం వడ్డిస్తూ చెప్పింది. "మందిరంలో పాత కీబోర్డు నాగాయలంక అవతల ఏదో చిన్న సంఘానికి ఇచ్చేస్తున్నారట్రా మాస్టారు. మనకి నీది వస్తుందిగా."

హనోకు కంచం ముందు నుంచి లేచాడు. చెయ్యి కడుక్కుని బండి మీద మాస్టారింటికి పరుగెత్తాడు. అప్పటికే వాకిట్లో ఆటో ఆగి ఉంది. దుప్పట్లో చుట్టిన కీబోర్డుకి ఒక పక్క దివిసీమ నుంచి వచ్చిన ఆ సంఘం పాస్టరుగారు, రెండోపక్క లేవనెత్తలేక మాస్టారు.

"సమయానికొచ్చావు. ఓ చెయ్యి వెయ్యి," అన్నారు మాస్టారు.

వేశాడు. తన చేతులతోనే ఎత్తి ఆటోలో పెట్టాడు. ఆ పాస్టరుగారు అతని రెండు చేతులూ పట్టుకున్నారు. "మీ కొత్తది రాబట్టి మాకిది దక్కింది బాబూ. మా పిల్లలు ఇన్నాళ్లూ కంజీర ఒక్కదాంతోనే పాడుతున్నారు." ఇప్పుడు నిజం చెబితే ఆయన ఉత్తచేతులతో వెళ్లాలి. మొదటిసారి సిగ్గుతో నోరు మూసుకున్నాడు. రెండోసారి మూసుకున్నదానికి దయ అని పేరు పెట్టుకున్నాడు. ఆదివారం ఆరాధనకి ముందు మాస్టారికి చాటుగా చెప్పేద్దామనుకుని ఇంటికొచ్చాడు.

ఆదివారం పొద్దున్నే కంపెనీ నుంచి ఫోను, సరుకొచ్చింది రమ్మని. అతను అటు వెళ్లాక పార్శిలు ఇంటికొచ్చింది. మా దగ్గర బండి కొన్నా, మిక్సీ కొన్నా ముందు మందిరంలో ప్రార్థన చేయించిన తర్వాతే వాడకం. రాహేలు పార్శిలు విప్పకుండా చంకలో పెట్టుకొచ్చింది. మరీ చిన్నదిగా ఉందేమిటని నేనే అడిగాను. "ఈ రోజుల్లో అన్నీ మడతపెట్టేవే వస్తున్నాయిగా," అంది, మెరిసిపోతున్న ముఖంతో.

మా పాస్టరు అయ్యగారు పార్శిలు మీద చెయ్యి ఉంచి, ఈ వాద్యాన్ని నీ మహిమ కోసం వాడుకొమ్మని ప్రార్థించారు. అందరం ఆమేన్ అన్నాం. మాస్టారు విప్పారు. మూరెడు కూడా లేని నల్లటి పలక, దాని మీద ఏ బీ సీ డీలు. పిల్లలెవరో కిసుక్కుమన్నారు. మాస్టారు వేలితో ఒక కీ నొక్కి చూశారు. టక్కుమంది, అంతే. సరిగ్గా అప్పుడే హనోకు గుమ్మంలోకొచ్చాడు. రాహేలు కొడుకు వైపు ఒక్కసారి చూసి, నెత్తిమీది కొంగు ముఖం మీదికి లాక్కుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంక కన్నతల్లి సంగతి చెప్పాలా.

మాస్టారు మైకు తీసుకున్నారు. "తప్పు నాదండి. అబ్బాయి ముందే చెప్పాడు, కంప్యూటర్‌దని. పెద్దతనం కదా, నాకే సరిగ్గా వినపడలేదు. రాహేలమ్మగారిని గానీ పిల్లాణ్ణి గానీ ఎవరూ ఏమీ అనొద్దు. పాట పాడుకుందాం."

వాద్యం లేకుండా ఎత్తుకున్నాం. శ్రుతి మరీ పైకి పోయి, రెండో చరణంలో ఎవరి దారి వాళ్లదైంది. మాస్టారి వేళ్లు ఒళ్లో వాటంతటవే కదులుతున్నాయి. పాట సగంలో ఉండగానే హనోకు నడవ మధ్యలోంచి ముందుకొచ్చి మైకు అందుకున్నాడు. మేం పాట ఆపేశాం.

"మాస్టారికి బాగానే వినపడుతుందండి," అన్నాడు. మైకులో అతని ఊపిరి కూడా వినిపిస్తోంది. "నేను చెప్పలేదు. ఇది తుపాకులాట ఆడటానికి కొనుక్కున్నాను. పాటలకి అనుకుంటున్నారని నాకు ఆ రోజే తెలుసు. పాత కీబోర్డుని ఆటోలోకి ఎత్తిపెట్టింది కూడా నేనే. ఊరుకున్నాను."

 అతను తప్పు ఒప్పుకోవడంతో మాస్టారు మా అందరి ముందూ ఆడిన అబద్ధం కూడా బయటపడిపోయింది. ఆ సంగతి హనోకుకి మైకు దించాక తట్టినట్టుంది. ముఖం పాలిపోయి ఆయన వైపు తిరిగాడు. "క్షమించండి మాస్టారూ. మిమ్మల్ని కూడా..."

"మందిరంలో నిలబడి నేనూ అబద్ధమాడానుగా," అన్నారు మాస్టారు. మైకు ఇంకా ఆగలేదని ఆయన చూసుకోలేదు. "రా, ఇద్దరం ఇక్కడే కూర్చుందాం."

ముందు వరసలో ఇద్దరూ తలలు దించుకుని పక్కపక్కన కూర్చున్నారు. అయ్యగారు మళ్లీ పాట చెప్పారు. మేమెవరం వాళ్లవైపు చూడలేక, కంఠతా వచ్చిన పాటే అయినా పుస్తకాల్లోకి చూస్తూ పాడాం.