ఇసక తగిలితేనే వచ్చినట్టు

త్రినాథరావు మేష్టారి నోట్లో నువ్వుగింజ నానదు. ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం ఆయనకు పిచ్చి. తవ్వింది వెంటనే ఎవరికో ఒకరికి చెప్పకపోతే అన్నం సయించదు. టెక్కలిలో తెలిసినవాళ్లంతా తప్పించుకు తిరిగేవారు. యాభై నాలుగులో డొంకూరు బడికి బదిలీ అయింది. పాపం, అక్కడి జాలరిపేట దొరికిపోయింది.

వచ్చిన వారంలోనే చీవాట్లు తిన్నాడు. పక్కింటి జోగమ్మ ఒడ్డున నిలబడి మొగుడి తెప్ప కోసం చూస్తోంది. దూరాన తెరచాప కనబడగానే మేష్టారు, "అదిగో, మీ బైరాగి వచ్చేశాడు!" అని కేక పెట్టాడు. జోగమ్మ మీద పడినంత పని చేసింది.

"నోరు మూసుకోండి బాబూ! తెప్పకి ఇసక తగల్నేదింకా. ఇసక తగిలితేనే వచ్చినట్టు. అందాకా ఆ మాట మా పేటలో ఎవులూ అనరు."

మూఢనమ్మకం, అని గొణుక్కున్నాడు. ఒడ్డు దగ్గరి అలలే తెప్పల్ని బోల్తా కొట్టిస్తాయని టెక్కలి మనిషికేం తెలుసు?

రెండేళ్లు గడిచాయి. చేప ముట్టని మేష్టారికి జోగమ్మ కొబ్బరికాయలు పంపేది. బదులుగా ఆయన మాటల కథలు చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం ఆరో తరగతికి 'అరైవ్' అనే మాట చెబుతూ, అలవాటు చొప్పున లావుపాటి నిఘంటువు తిప్పి నోరు తెరిచాడు. అది లాటిన్‌లో 'ఒడ్డుకు' అనే మాటలోంచి పుట్టిందట! మొదట్లో పడవ ఒడ్డు చేరడమే దాని అర్థమట. రైళ్లూ, చుట్టాలూ ఆ తరవాత వాడుకున్నవాళ్లే. జోగమ్మ మాట అచ్చులో ఉంది!

బడి వదలగానే పుస్తకం చంకలో పెట్టుకుని పరిగెత్తాడు. పేటంతా ఒడ్డునే ఉంది. పొద్దున్నుంచి గాలి రేగుతోంది. తెప్పలన్నీ చేరాయి, బైరాగిది తప్ప. జోగమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

తెరచాప కనబడింది. మేష్టారు పళ్లు బిగబట్టాడు. తెప్ప అల మీదికి లేచింది, మాయమైంది, మళ్లీ లేచింది. జోగమ్మ ఆయన కండువా కొస గట్టిగా పట్టుకుంది. లాటిన్ కథ గొంతుదాకా వచ్చింది. మింగేశాడు.

బరబరమంటూ తెప్ప ఇసకలోకి ఎక్కింది. బైరాగి దిగి తల విదిలించాడు. జోగమ్మ ఏడుస్తూ, నవ్వుతూ మేష్టారి వైపు తిరిగింది.

"ఇప్పుడు సెప్పండి బాబూ, మీరే సెప్పండి."

మేష్టారి కండువా ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"వచ్చాడమ్మా," అన్నాడు.