థెల్మా క్లాసులో నిలబడిన ఇర్మా

ఇర్మా నోవోట్నీకి పెద్ద కుర్చీ అంటే యావ అని మా పేటలో చాలామంది అనేవారు. అన్నవాళ్లలో సగం మందికి ఇంట్లో నలుగురికి వేళకి తిండి పెట్టడం చేతకాదు. పిట్స్‌బర్గ్ శివార్లలోని మా బడుల ఆఫీసులో ఆవిడ అడుగుపెట్టకముందు బస్సులు ఒక దారిన, పిల్లలు ఒక దారిన పోయేవారు. నాలుగో తరగతి టీచరుగా మొదలై, ప్రిన్సిపాలై, చివరికి బస్సులూ, మధ్యాహ్నం భోజనాలూ, సెలవు పెట్టిన టీచర్లకి బదులు మనుషుల్ని పంపడమూ అన్నీ తన నెత్తినే వేసుకుంది. మొగుడు పోయాక ఆ ఇంట్లో రెండో గొంతు లేదు.

ఉన్న గొంతల్లా పక్కింటి థెల్మా హ్రిన్యాక్‌ది. మూడో తరగతి టీచరు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు, రోజూ ఇర్మా కారులోనే వెళ్లేవారు.

"ఏమే ఆఫీసరమ్మా, నీ బస్సు డ్రైవరు మళ్లీ నా పూలమొక్కలు తొక్కించాడు."

"నీ మొక్కలు రోడ్డెక్కితే వాడేం చేస్తాడే?"

రోజంతటిలో ఇర్మా నవ్వేది ఆ కాసేపే. ఆఫీసులో ఆవిడ కాఫీకి వస్తే అక్కడున్నవాళ్లు గబగబా కప్పులు ఖాళీ చేసి లేచిపోయేవారు.

జీతాల ఒప్పందం కుదరక ఒక సెప్టెంబరులో టీచర్లు సమ్మెకు దిగారు. బడులు మూయొద్దు, బదులు మనుషులతో నడిపించమని బడుల మీద పెత్తనం చేసే బోర్డు ఇర్మాకి చెప్పింది. ముందురోజు సాయంత్రం థెల్మా కంచె దగ్గరికి వచ్చింది.

"జలుబు చేసిందని పడుకోవే. నువ్వు లేకపోతే ఆఫీసేం కూలిపోదు."

"పిల్లలు వస్తారు కదే. చూసేవాళ్లుండొద్దూ?"

"కిందటి సమ్మెలో అందరికంటే ముందు నడిచింది నువ్వు. సమ్మె కాదని గేటు దాటి లోపలికి పోయిన ఆ ప్రిన్సిపాల్ బార్టన్‌తో, ఆయన చచ్చిపోయేదాకా పలకలేదు నువ్వు."

"అప్పుడు నేను టీచర్ని."

"ఇప్పుడెవరివో రేపు చూస్తాంలే."

ఇర్మా ఫోన్లు చేసి మనుషుల్ని కుదిర్చింది. థెల్మా క్లాసుకీ ఒక కుర్రపిల్ల వస్తానంది. అక్కడ మాత్రం మనసొప్పలేదు. ముక్కూ మొహం తెలియని పిల్ల థెల్మా బల్ల సొరుగులు లాగడమా? వద్దని చెప్పి, ఆ క్లాసు తనే తీసుకుంది. స్నేహితురాలికి అంతకంటే మర్యాద ఏముంటుందనుకుంది.

పొద్దున గేటు దగ్గర ప్లకార్డులు పట్టుకున్నవాళ్లు కారు మీద చేతులతో చరిచారు, నోటికొచ్చినట్టు తిట్టారు. థెల్మా తిట్టలేదు. వీపు తిప్పి నిలబడింది.

క్లాసులో ఒక పిల్ల అడిగింది: "మా టీచరు పొద్దున్నే ఒక జోకు చెబుతారు. మీకు రాదా?"

"రాదు" అంది ఇర్మా. థెల్మా కుర్చీలో కూర్చోకుండా సాయంత్రం దాకా నిలబడే పాఠం చెప్పింది. సమ్మె జరిగినన్నాళ్లూ అంతే.

సమ్మె తీరిన మర్నాడు, ఎప్పటిలాగే కారు తీసి థెల్మా ఇంటిముందు ఆపింది. థెల్మా వచ్చి కిటికీలోంచి వంగింది.

"ఎవర్తినో పెట్టి ఉంటే నాలుగు తిట్టి మర్చిపోయేదాన్ని. నువ్వే నిలబడ్డావు."

"నీ వస్తువులు పరాయివాళ్లు ముట్టుకోకూడదనే కదే."

"నేను లేకపోయినా నా క్లాసు నడుస్తుందని బోర్డుకి చూపించావు. ఇంకెవరు చేసినా అంత బాగా నడిచేది కాదు."

థెల్మా నడుచుకుంటూ బస్సు స్టాపుకి పోయింది. ఆవిడ మనసు మార్చుకుంటుందేమోనని ఇర్మా ఆ చలికాలమంతా పొద్దున్నే ఆ ఇంటిముందు కారు నెమ్మది చేసేది. తర్వాత మానేసింది. ఆఫీసులో ఇంకా పెద్ద కుర్చీ ఇచ్చారు. తను చేసింది తప్పని ఇర్మా ఏనాడూ ఒప్పుకోలేదు. అది తప్పని నేనూ అనను. అయితే ఆ క్లాసులో నిలబడమని థెల్మా మాత్రం అడిగిందా?

థెల్మా రిటైరైనప్పుడు చర్చి కింద హాల్లో విందు పెట్టారు. రిటైరయ్యేవాళ్లకి గోడ గడియారం ఇవ్వడం ఇర్మా ఉద్యోగంలో భాగం. ఇచ్చి, చెయ్యి కలిపి, చెయ్యి వదలకుండా మెల్లగా అడిగింది.

"ఇంటికి ఎలా వెళ్తావే? కారు బయటే ఉంది."

"మా అల్లుడు వస్తాడండీ" అంది థెల్మా. "మీకెందుకు శ్రమ."

బల్ల మీద ఇంకో ఇద్దరి గడియారాలున్నాయి. ఇర్మా ఒకటి చేతిలోకి తీసుకుని పేరు పిలిచింది.